ప్రజ యెవరు? - ‘పాపులిజ’మను మాటపై విచారణ

గడచిన అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదవ తరగతి విద్యార్థుల కొక చిన్న ప్రశ్న యిచ్చితిని. వార్తాపత్రికలలో తఱచుగా కానవచ్చు ‘పాపులిజము’ అను మాటకు అర్థము వ్రాయుమంటిని. నలువదిమందిలో ముప్పదిమందికి పైగా ఒకే సమాధానము వ్రాసిరి: ఓట్ల కొఱకు జనులకు ఊరక పంచిపెట్టుట. ఒక బాలుడు మాత్రము ఆ వాక్యమును వ్రాసి, దాని క్రింద, “మా అవ్వకు వచ్చు పింఛను కూడ ఇదేనని మా మామయ్య అనుచున్నాడు, అయితే అవ్వది తప్పా, మాస్టారూ?” అని జవాబు పత్రముపైననే నన్ను ప్రశ్నించెను.

ఆ సమాధానమును తప్పని కొట్టివేయుటకు నాకు చేతులు రాలేదు. పిల్లలకు ఆ యర్థమును నేర్పినవారు పెద్దలు. ఇంగ్లీషు మాటకు ‘ప్రజాకర్షణ’ యనియు, ‘జనాకర్షకవిధాన’మనియు మన పత్రికలు తెలుగు చేసినవి, ఆ తెలుగునుండి యర్థమును గ్రహించిన బాలుడు మఱియొకటి యెట్లు వ్రాయగలడు? కాని మాట యొక చోట పుట్టి, మఱియొక చోట పెరిగి, వేఱొక చోట అవమానింపబడి, తుదకు మనయింటికి వచ్చినపుడు, దాని కులగోత్రములు విచారింపకయే పీట వేయుట పండితలక్షణము కాదు. కావున ఈ వ్యాసమున ఆ మాట చరిత్రమును, దానిని వ్యాఖ్యానించిన విద్వాంసుల గుణదోషములను, మన యనువాదములోని లోపమును వరుసగా విమర్శింప దలచితిని.

ఈ మాట పుట్టినది అమెరికాదేశపు పత్తిచేలలోను గోధుమచేలలోను. 1861 నుండి 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట దక్షిణ రాష్ట్రములలో నాణెము కఱవయ్యెను. విత్తనమునకును, ఎరువునకును, ఇంటిలోని పిండికిని రైతు అంగడివానిని ఆశ్రయింపవలసివచ్చెను. అంగడివాడు సరకును అరువిచ్చి, ఇంకను మొలకెత్తని పంటను తాకట్టుగా వ్రాయించుకొనెడివాడు. రొక్కమునకు ఒక ధర, అరువునకు ఒక ధర. పంట వచ్చినపుడు దాని ధరను చెప్పువాడును అతడే. బాకీ తీరనియెడల మరుసటి యేటి పంటయు అతనికే కట్టుబడి యుండును. గుంటూరు మిరపతోటలలోనో, పాలమూరు మెట్టచేలలోనో పెరిగినవారికి ఈ కథను విశదపఱుప నక్కఱలేదు.

దీనికి తోడు నాణెపు చిక్కొకటి కలదు. 1873లో అమెరికా ప్రభుత్వము వెండిడాలరు ముద్రణమును మానివేసెను. బంగారము కొలదియై, వ్యాపారము విస్తారమైనకొలది డాలరు విలువ పెరుగుచు వచ్చెను. డాలరు విలువ పెరుగుట యనగా పంట విలువ తరుగుటయే. 1870 దశాబ్ది యారంభమున పౌను పత్తికి పది సెంట్లకు పైగా పలికిన ధర 1894 నాటికి ఐదు సెంట్ల దాపునకు దిగెను. నూఱు డాలర్ల యప్పు తీర్చుటకు మునుపు ఎంత పత్తి అమ్మవలెనో, ఇప్పుడు దానికి రెండింతలు అమ్మవలసివచ్చెను. అప్పు పత్రముపై అంకె మాఱలేదు. అప్పు మాత్రము పెరిగినది. ఈ సూక్ష్మమును గ్రహించిన రైతును అజ్ఞానియని యెవరనగలరు?

1877లో టెక్సాసు రాష్ట్రమున లాంపాసస్ మండలములో కొందఱు రైతులు కూడి స్థాపించిన సంఘము క్రమముగా ‘రైతు కూటమి’యై పలు రాష్ట్రములకు వ్యాపించెను. వారు మొదట రాజకీయమును కోరలేదు. సహకారపద్ధతిని తామే సరకులు కొని, తామే పత్తి నమ్మజూచిరి. బ్యాంకులు అప్పీయ నిరాకరించుటచే ఆ ప్రయత్నము విఫలమయ్యెను. అప్పుడు చార్లెస్ మకూన్ అను నాయకుడు 1889లో ఒక ఉపాయము చెప్పెను. ప్రభుత్వము గిడ్డంగులు కట్టింపవలెను. రైతు పంటను అందు నిలువచేసి, విలువలో నూటికి 80 వంతులు స్వల్పవడ్డీకి అప్పు పొంది, ధర వచ్చినపుడు అమ్ముకొనవలెను. నాటి పత్రికలు దీనిని పిచ్చివారి మాట యని పరిహసించినవి. నేడు మనదేశమున గిడ్డంగి రసీదుపై బ్యాంకులిచ్చు అప్పు ఆ పిచ్చిమాటకు దగ్గఱ చుట్టము.

1892 జూలై 4వ తేదీన నెబ్రాస్కా రాష్ట్రములోని ఒమాహా నగరమున ఈ రైతులును, వారితో చేరిన కార్మికులును సభ తీర్చి ‘పీపుల్స్ పార్టీ’ పక్షమున తమ ప్రణాళికను ప్రకటించిరి. లాటిను భాషలో ప్రజకు ‘పాపులుస్’ అని పేరు. ఆ మాటనుండి ఆ పక్షమువారికి ‘పాపులిస్టు’లను పేరు వచ్చెను. వారి కోరిక లేమి? ఆదాయమును బట్టి హెచ్చు పన్ను. తపాలా కచేరీలలో పొదుపు బ్యాంకులు. రైలుమార్గములును తంతి టెలిఫోనులును ప్రభుత్వము వశమగుట. వెండి నాణెమును యథేచ్ఛముగా ముద్రించుట. రహస్యముగా ఓటు వేయు పద్ధతి. సెనేటు సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకొనుట. పాఠకులు గమనింపవలెను: ఈ పట్టికలో ఊరక పంచిపెట్టుమన్న మాట యొక్కటియు లేదు. అప్పిమ్మనిరి, దానమీయుమనలేదు. పన్ను వేయుమనిరి, మాన్పుమనలేదు. ఆ యేటి ఎన్నికలలో వారి యభ్యర్థి జేమ్సు వీవరునకు పది లక్షలకు పైగా ఓట్లును, అధ్యక్షు నెన్నుకొను ప్రతినిధులలో 22 మందియు లభించిరి.

ఇచ్చట మన దేశమునకు తగులు ఒక ముడి కలదు. 1893 జూన్ 26వ తేదీన భారత ప్రభుత్వము తన టంకసాలలలో వెండిని యథేచ్ఛముగా రూపాయలుగా ముద్రించుటను నిలిపివేసెను. అంతవఱకు వెండి తెచ్చినవారికి రూపాయలు కొట్టి యిచ్చెడివారు. టంకసాలలు మూతపడిన వార్త తంతి ద్వారమున చేరగానే లోకమున వెండి ధర కూలెను. అమెరికాలో వెండిని కొనుచుండిన చట్టమును ఆ నవంబరులోనే రద్దు చేసిరి. మన పల్లెలలో కఱవునకు దాచుకొన్న వెండి కడియములు, మొలత్రాళ్లు తులమునకు తక్కువ రూపాయలు తెచ్చునట్లయ్యెను. శిస్తు మాత్రము రూపాయలలోనే కట్టవలసి యుండెను. కాన్సాసు రైతు మొఱయు, కృష్ణాతీరపు రైతు మొఱయు ఒకే లోహమునుగూర్చినవి. ఒకరి పేరు ఒకరెఱుగరు, అంతియే. 1896లో వెండి పక్షమువహించి అధ్యక్షపదవికి పోటీచేసి యోడిన విలియం జెన్నింగ్స్ బ్రయను 1906లో మన దేశమునకు వచ్చి, బ్రిటిషు పరిపాలనను ఖండించుచు వ్రాసిన వ్యాసము మన స్వాతంత్ర్యవాదులచే విరివిగా పంచిపెట్టబడెను.

ఆ 1896వ సంవత్సరమే పాపులిస్టులకు కాలాంతకమయ్యెను. వారు తమ ప్రత్యేకపక్షమును విడిచి డెమొక్రాటు పక్షాభ్యర్థియైన బ్రయనునే బలపఱచిరి. అతడోడగానే తామును చెదరిపోయిరి. కాని కోరికలు చావలేదు. ఆదాయపు పన్నును 1895లో అత్యున్నత న్యాయస్థానము చెల్లదని కొట్టివేయగా, 1913లో రాజ్యాంగమునే సవరించి దానిని నిలిపిరి. ఆ యేడే సెనేటు సభ్యుల ప్రత్యక్షఎన్నికయు రాజ్యాంగమున చేరెను. తపాలా పొదుపు బ్యాంకులు 1910లోనే చట్టమయ్యెను. ఓడిన పక్షపు కోరికలను గెలిచిన పక్షములు తమవిగా చెప్పుకొనుట చరిత్రలో క్రొత్త గాదు.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. ఇక నీడను చెప్పక తప్పదు. ‘ప్రజ’ యన్నచో నెవరు? దక్షిణమున పత్తి పండించువారిలో లక్షలమంది నల్లవారు. తెల్లరైతుల కూటమి వారిని తనలో చేర్చుకొనలేదు. వారు 1886లో టెక్సాసులోనే వేఱు కూటమిని స్థాపించుకొనవలసివచ్చెను. 1891లో పత్తి ఏరు నల్లకూలీలు నూఱు పౌన్లకు ఒక డాలరు కూలి కోరి పని మానగా, తెల్లరైతుల కూటమి నాయకులు దాని నెదిరించిరి. ఆర్కన్సాసు రాష్ట్రమున ఆ సమ్మె రక్తపాతముతో అణగిపోయెను. అంగడివాని యెదుట తాము ‘ప్రజ’యని చెప్పుకొన్న రైతులకు, తమ చేలో పత్తి ఏరు కూలివాడు ప్రజగా తోచలేదు. మన రైతు మహాసభలలోను ఈ ప్రశ్న లేవకపోలేదు. శిస్తు తగ్గింపవలెనని తీర్మానించిన చోటనే కూలి పెంపవలెనన్నపుడు సభ నిశ్శబ్దమగుట పెద్ద లెఱిగినదే.

ఈ వైరుధ్యమంతయు ఒక్క మనుష్యుని జీవితమున మూర్తీభవించినది. జార్జియా రాష్ట్రపు న్యాయవాది టామ్ వాట్సన్ 1892 ఎన్నికలలో తెల్లరైతునకును నల్లరైతునకును దోపిడి యొక్కటే, మిమ్ము వేఱుచేసినది దోచుకొనుటకే యని బోధించెను. తన పక్షమున ప్రచారము చేసిన నల్లజాతి మతబోధకుని చంపుదురను వదంతి రాగా, తెల్లరైతులు ఆయుధములతో వచ్చి వాట్సను ఇంటివద్ద కాపలా కాసిరి. ఆ కాలమున, ఆ నేలపై, అది సామాన్యమైన సాహసము కాదు. ఆ వాట్సనే ఓటమిచే కుమిలి, తరువాతి దశాబ్దమున నల్లవారి ఓటుహక్కును తొలగింపవలెనని వాదించెను. కాథలికులను దూషించెను. లియో ఫ్రాంక్ అను యూదునిపై తన పత్రికలో విషము కురిసెను. 1915లో ఒక గుంపు ఆ ఫ్రాంకును చెఱసాలనుండి లాగుకొనిపోయి ఉరివేసెను. 1920లో వాట్సన్ సెనేటునకు ఎన్నికయ్యెను. అతడు రెండు కాలములయందును పలికినది ప్రజల పేరనే. పేరు మాఱలేదు, ప్రజలోనుండి మనుష్యులు తగ్గిపోయిరి.

సంస్కృతము చదివినవాడను గనుక ఇచ్చట ఒక శబ్దవిచారము చేయుదును. ‘ప్రజ’ యను మాట పుట్టుకను దెల్పు ‘జన్’ ధాతువునుండి వచ్చినది. సంతానమని దాని మొదటి యర్థము. రాజు తండ్రి, జనులు బిడ్డలు అను భావము దానియందు ఇమిడియున్నది. చిత్రమేమన, రష్యను భాషలో ప్రజకు చెల్లు ‘నరోద్’ అను మాటలోని ‘రోద్’ శబ్దమునకును పుట్టుక, వంశము అనియే యర్థము. 1861లో రష్యాలో దాస్యవిమోచనము జరిగినను రైతునకు భూమి చాలక, దానికై చెల్లింపవలసిన సొమ్ము మాత్రము మిగిలెను. అది చూచి మనసు కరగిన విద్యార్థులు 1874 వేసవిలో వేలకొలది రైతువేషములు ధరించి పల్లెలకు పోయిరి. వారికి ‘నరోద్నికు’లని పేరు. పాపులిజమునకు ఇది రెండవ పుట్టినిల్లని చరిత్రకారు లందురు. కాని పల్లెవారికి ఈ యువకులు అర్థము కాలేదు. కొన్ని చోట్ల రైతులే వారిని పోలీసుల కప్పగించిరి. 1877లో ఆరంభమైన ఒక్క విచారణలో 193 మంది ముద్దాయిలుగా నిలిచిరి. ఒమాహాలో రైతు తనకు వలసినది తానే చెప్పెను; రష్యాలో రైతునకు వలసినది విద్యార్థి చెప్పెను. ప్రజ మాటాడుటకును, ప్రజ పేర మాటాడుటకును గల భేదము ఈ రెంటియందు స్పష్టము.

పుట్టుకచే ప్రజయగుట యొకటి, పౌరధర్మముచే ప్రజయగుట మఱియొకటి. మొదటి యర్థము పైకి వచ్చినప్పుడెల్ల, ఈ నేలపై, ఈ రంగుతో, ఈ మతమున పుట్టినవాడే నిజమైన ప్రజ యను మాట వినవచ్చును. వాట్సను పతనము ఒక అర్థమునుండి ఇంకొక అర్థములోనికి జాఱుటయే.

ఇక వ్యాఖ్యాతలను గూర్చి. జాన్ హిక్సు 1931లో వ్రాసిన గ్రంథము ఈ యుద్యమమును న్యాయమైన యార్థిక నిరసనముగా చిత్రించెను. 1938లో వాన్ వుడ్వర్డు వ్రాసిన వాట్సను జీవితచరిత్రము, నాయకుని గొప్పతనమును, నీచత్వమును ఒకే త్రాసులో తూచిన యుత్తమగ్రంథము. 1955లో రిచర్డ్ హాఫ్‌స్టాటరు ప్రకటించి, మరుసటి యేడు పులిట్జరు బహుమానమందిన గ్రంథము ఈ గౌరవమును తలక్రిందు చేసెను. పాపులిస్టులు గతించిన స్వర్ణయుగమునకై వగచువారనియు, ప్రతి కష్టమునకు వెనుక ఏదో కుట్ర యున్నదని నమ్మువారనియు, యూదద్వేషపు ఛాయ వారియందు కలదనియు ఆయన చూపెను. జర్మనీలో మూకల పేర జరిగిన ఘోరమును చూచిన తరమువా డగుటచే జనసమూహమన్న ఆయనకు భయము సహజము. ఆయన చూపిన మచ్చ అబద్ధము కాదు. కాని మచ్చను చూపి అదియే ముఖమనుట విమర్శధర్మము కాదు. యూదద్వేషము ఆనాటి నగరవాసులైన సంపన్నులయందు తక్కువగా నుండెనా? పత్తి ధర సగమగుట కుట్రభ్రాంతియా, అంకెయా?

లారెన్సు గుడ్విన్ 1976లో దీనికి బదులుగా వ్రాసిన బృహద్గ్రంథము సహకారసంఘములను ప్రజాస్వామ్య పాఠశాలలుగా వర్ణించెను. అది మనోహరము, కాని ఆయన ప్రేమ నల్లకూలివాని దుఃఖమువద్ద కొంత తొందరపడి నడచినట్లు నాకు తోచును. 2007లో చార్లెస్ పోస్టెల్, వీరు వెనుకకు చూచినవారు కారనియు, శాస్త్రమును, విద్యను, పెద్ద సంస్థలను కోరిన ఆధునికులనియు, ఆ యాధునికతతోడనే జాతిభేదమును అంగీకరించిరనియు నిరూపించెను. ఈ తీర్పే నాకు సమంజసముగా కనబడుచున్నది. 2016లో జర్మను పండితుడు యాన్ వెర్నర్ మ్యూలరు ఒక లక్షణమును చెప్పెను: ఉన్నతవర్గమును విమర్శించుట మాత్రమే పాపులిజము కాదు, మేమే, మేము మాత్రమే నిజమైన ప్రజకు ప్రతినిధులమనుట పాపులిజము. ఈ లక్షణము పదునైనది. దీనిని అన్వయించినచో ఆ పేరును ధరించిన అమెరికా పక్షమే పాపులిస్టు కాదని ఆయనయే యొప్పుకొనవలసివచ్చెను. పేరు పుట్టిన వస్తువునకే పేరు చెందని యీ విపరీతము, మాట ఎంత దూరము కొట్టుకొనిపోయినదో తెలుపుచున్నది.

ఇపుడు మన తెలుగు మాటకు వత్తము. ‘ఆకర్షణ’మనగా లాగుట. అయస్కాంతము ఇనుమును లాగును; ఇనుమునకు ఇచ్ఛ లేదు, విచారణ లేదు. ‘ప్రజాకర్షణ’ యను మాటలో ప్రజ ఇనుపరజను, నాయకుడు అయస్కాంతము. ఓటరునకు బుద్ధి లేదను నింద ఆ సమాసమున ముందుగానే చేరియున్నది. ‘జనరంజకము’ అనుట కొంత మేలు. రాజశబ్దమునే రంజనమునకు ముడిపెట్టి ప్రజలను సంతోషపెట్టువాడే రాజని మన పూర్వులు చెప్పిరి. నాడు రాజధర్మమైన రంజనము నేడు నేరమెట్లయ్యెనో ఆలోచింపదగినది.

1983లో ఎన్. టి. రామారావుగారు ఆంధ్రప్రదేశమున కిలో బియ్యము రెండు రూపాయలకు ఇప్పించినపుడు అది ప్రజాకర్షణకు పరమోదాహరణమనిరి. 2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము తక్కువ ధరకు ధాన్యము పొందుటను హక్కుగా చేసెను. నిన్నటి ఆకర్షణము నేటి చట్టమయ్యెను. అమెరికాలో ఆదాయపు పన్నునకు జరిగినదే ఇచ్చటను జరిగెను. దీనిని బట్టి ప్రతి పంపకమును మంచిదే యని నేననుట లేదు. ఖజానాలో సొమ్మెంత, పాఠశాలకు ఆసుపత్రికి మిగులునదెంత, లాభము చేరవలసినవానికే చేరుచున్నదా యని గట్టిగా లెక్క చూడవలెను. కాని అది గణితప్రశ్న. దానికి తిట్టు జవాబు కాదు. మఱియొక మాట. 1982లో స్థాపింపబడిన ఆ పక్షమును విమర్శింపదలచినవాడు బియ్యమును కాక, తెలుగువారందఱి యాత్మగౌరవము నొక్క పక్షమే మోయగలదా యను ప్రశ్నను పరీక్షింపవలసి యుండెను. మనము బియ్యపు బస్తాలో వెదకితిమి; వస్తువు వేదికపైన నుండెను.

కావున నా సూచన యిది. ప్రభుత్వము ఇచ్చుదానిని పింఛననియో, రాయితీ యనియో, ఉచితమనియో దాని పేరుతోనే పిలువుదము. మేమే ప్రజ, మమ్మెదిరించువాడు ప్రజాద్రోహి యను వాదమునకు ‘ప్రజానామవాద’మని వేఱు పేరు పెట్టుదము. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పినచో సంతోషముతో స్వీకరింతును. ఏ నాయకుడు ప్రజ యని నోరు తెఱచినను మనము మూడు ప్రశ్న లడుగవలెను: నీ ప్రజలో ఎవరు లేరు? నీ కోరిక యేమో అంకెలతో చెప్పగలవా? నీవు ఓడిననాడు గెలిచినవానిని ప్రజయే గెలిపించినదని యొప్పుకొందువా? ఒమాహా రైతు రెండవ ప్రశ్నకు ధీరముగా బదులు చెప్పెను. మొదటి ప్రశ్నవద్ద తడబడెను. తడబాటు వాట్సనును ఎచ్చటికి చేర్చెనో చూచితిమి.

ఆ బాలుని జవాబు పత్రము ఇంకను నా బల్లపై నున్నది. అవ్వ చేసినది తప్పు కాదని వ్రాసితిని. పింఛను మంచిదో కాదో నీవు పెద్దవాడవై లెక్కలు చూచి నిర్ణయింపుమనియు, అవ్వను ప్రజలో లెక్కపెట్టనివాడెవడైన వచ్చినచో వాని మాట మాత్రము లెక్క చూడకయే నిరాకరింపుమనియు దాని క్రింద చేర్చితిని. మార్కులు పూర్తిగా వేసితిని.